విమానం గుమ్మంలో గడపక్క

గడపక్క విమానాన్ని చూసి జడుసుకుందట. ఎక్కమంటే ఎక్కదట, దిగమంటే దిగదట. రెండు చేతులతో తలుపు పట్టుకుని, అరుపులూ పెడబొబ్బలూ పెట్టి, మూడు వందల మందిని గంటసేపు కదలనివ్వలేదట. చివరికి నలుగురు పోలీసులు వచ్చి బస్తాను మోసినట్టు మోసుకుపోయారట. విమానం తన దారిన తను పోయింది. వదినా మరదళ్ళు మాత్రం ఊళ్ళో మొహం చూపించుకోలేక ఎక్కడో చుట్టాలింట్లో దాక్కున్నారట.

శీతల గిడ్డంగి గేటు ముందు టీ తాగేవాళ్ళలో ఈ కథ చెప్పని మనిషి లేడు. దీనికి సాక్ష్యం ఒక వీడియో. ఎవరో ప్రయాణికుడు ఫోనులో తీశాడు, నలభై సెకన్లు. అందులో గడపక్క నిజంగానే విమానం తలుపులో నిలబడి ఉంది. నోరు నిజంగానే పెద్దగా తెరిచి ఉంది. ఏమంటోందో మాత్రం వినపడదు. తీసినవాడి పక్కన ఎవరో "తోసెయ్యండి దాన్ని" అని గొంతు చించుకుంటున్నారు.

"ముప్పై నాలుగేళ్ళు మంచుగడ్డల మధ్య పనిచేసిన మనిషి, విమానానికి భయపడిందంటే నమ్మమంటావా?" అంది లోడింగులో పనిచేసే ఒకావిడ.

"చలికి అలవాటు పడ్డావు కదా అని ఎత్తు ఊరుకుంటుందా?" అన్నాడు లారీ డ్రైవరు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వకపోతే తర్వాత తన మీద పడతారని.

గడపక్క అన్నది గిడ్డంగి పెట్టిన పేరు. ఆవిడ మూడో నంబరు చలిగదికి తలుపు మనిషి. తలుపు మనిషంటే తాళాలు పట్టుకుని కుర్చీలో కునుకు తీసే ఉద్యోగం కాదు. మూరెడు మందం తలుపు, దాని వెనక ప్లాస్టిక్ పట్టీల తెర, తెర వెనక మైనస్ ఇరవై రెండు డిగ్రీలు. పైకప్పు దాకా చేపల పెట్టెలు, బఠాణీల బస్తాలు. లోపలికి వెళ్ళినవాళ్ళు ఇరవై నిమిషాల్లో బయటికి రావాలి. వెళ్ళినవాళ్ళందరూ వచ్చారని చూసుకుని తలుపు వేయడం ఆవిడ పని.

మిగతా గదుల తలుపు మనుషులు కాగితం మీద టిక్కులు పెట్టుకునేవారు. గడపక్క కాగితం ముట్టేది కాదు. తలుపు బార్లా తెరిచి, ఇనుప గడప మీద ఒక కాలు వేసి నిలబడేది. బయటికి వచ్చే ప్రతి మనిషి భుజం మీదా చెయ్యి వేసేది. చెయ్యి వేసిన భుజమే ఆవిడ లెక్క. ఆఖరి భుజం తగిలేదాకా గడప మీంచి కాలు తీసేది కాదు. కొత్తగా వచ్చిన మేనేజర్లకి ఒళ్ళు మండేది.

"చల్లదనమంతా బయటికి పోతోందమ్మా!"

"పోనివ్వండి సార్. చలి మళ్ళీ పుడుతుంది. వేళ్ళు పుట్టవు."

ఆ మాట ఆవిడ ఊరికే అనేది కాదు. పందొమ్మిదేళ్ళ కిందట, షిఫ్టు మారే వేళ, సూపర్వైజరు చేతిలో కాగితం చూసుకుంటూ "అందరూ వచ్చేశారు, తలుపెయ్" అన్నాడు. కాగితంలో ఎనిమిది మందికీ ఎనిమిది టిక్కులు ఉన్నాయి. ఆవిడ తలుపు వేసింది. టీ గదిలో ఏడుగురు టీ తాగారు. ఎనిమిదో కప్పు అలాగే మీగడ కట్టి చల్లారిపోయింది. ఆ కప్పు చూసి గడపక్క పరుగెత్తేసరికి అరగంట దాటింది. ఎనిమిదో మనిషి లోపలే ఉంది, జారిపడిన చేపల పెట్టె కింద ఎడమ చెయ్యి ఇరుక్కుని. ఆ మనిషి ఎవరో కాదు, గడపక్క సొంత ఆడపడుచు. ఆ చేతికి రెండు వేళ్ళు తీసేశారు. సూపర్వైజరుకి బదిలీ అయింది, అదీ పై పదవికి. గడపక్క కాగితం మానేసి భుజాలు లెక్కపెట్టడం ఆ రోజు నుంచే.

ఆవిణ్ణి గడపక్క పిలిచినట్టే మనమూ వదిన అందాం. గడపక్క మొగుడు బతికి ఉన్నప్పుడూ, పోయిన తర్వాతా వాళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు, మేడ మీద రెండు గదులు. వదినకి అరవై ఎనిమిది, గడపక్కకి అరవై ఒకటి. అయినా వదిన నోట గడపక్క ఇంకా "పిల్లా"యే. పోయిన వేళ్ళ గురించి వదిన ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. దానికి బదులు హాస్యమాడేది. ఆ హాస్యం వింటే గడపక్కకి తిట్టినదానికంటే ఎక్కువ తగిలేది.

మిగిలిన ఎనిమిది వేళ్ళకి ఇప్పుడు ముప్పు వచ్చింది. ఏ మాత్రం చల్లగాలి తగిలినా తెల్లబడి, చాక్‌పీసుల్లా బిగుసుకుపోతాయి. కాలి వేళ్ళూ అంతే. డాక్టరు చేతులు కడుక్కుంటూ, అటు తిరిగే చెప్పాడు: ఇంకో శీతాకాలం ఇక్కడ గడిపితే మరో వేలు తీయాల్సి రావచ్చు, కుదిరితే వేడి దేశం ఏదైనా చూసుకోండి.

"వేడి దేశం పూటకి ఎన్ని వేసుకోవాలో అడగలేదే పిల్లా," అంది వదిన మెట్లు దిగుతూ.

గడపక్క నవ్వలేదు. మర్నాటి నుంచి ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఏడాది పొడుగునా ఒకే ఎండ, ఒకే ఉక్కపోత ఉండే సముద్రపు దేశమొకటి పింఛనుదార్లకి నివాస పత్రం ఇస్తోందని తెలిసింది. వాళ్ళ కింద వాటాలో ఉండి, రిటైరై అక్కడికే పోయిన నర్సు ఉత్తరం రాసింది. "ఇక్కడ చలికాలమనేదే లేదు. పొద్దున్నే కుళాయి తిప్పినా నీళ్ళు వెచ్చగా వస్తాయి," అని. ఆ ఒక్క వాక్యం వదిన మూడు సార్లు చదివించుకుంది.

పత్రం చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. అందులో ఒక మెలిక ఉంది. పత్రం గడపక్క పింఛను మీద వచ్చింది, వదిన ఆవిడ మీద ఆధారపడిన మనిషి. కాబట్టి ఇద్దరూ కలిసే దిగాలి, అదీ ఆ నెలాఖరు, ముప్పయ్యో తారీకు దాటకుండా. ఒక్కరు దిగినా చెల్లదు, ఒక్క రోజు దాటినా చెల్లదు. మళ్ళీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టుకోవాలి. అంటే ఈ శీతాకాలమంతా ఇక్కడే.

ఇరవై తొమ్మిదో తారీకు ఉదయం విమానానికి టికెట్లు తీసుకున్నారు. ఇక్కడే ఇద్దరూ గిడ్డంగి మనుషులు మాత్రమే చేసే పొరపాటు ఒకటి చేశారు. గిడ్డంగిలో పని మానేసి వెళ్ళేవాళ్ళు తమ దూది కోటు, తమ చోటికి వచ్చే కొత్త మనిషికి ఇచ్చి పోవాలి. అది రాసిపెట్టిన రూలు కాదు, కానీ వీళ్ళిద్దరూ తప్ప తప్పినవాళ్ళు లేరు. కోటు ఇంటికి పట్టుకుపోతే చలి వెంట వస్తుందని నమ్మకం. రిటైరైనప్పుడు ఇవ్వని ఆ రెండు కోట్లనీ వీళ్ళు ముందు రోజు పట్టుకెళ్ళి ఇచ్చేశారు. ఊపు మీద ఉన్నారేమో, ఉన్ని తొడుగులు, మేజోళ్ళు, శాలువాలు కూడా పంచేశారు. "ఇంక ఈ జన్మకి ఊలు ముట్టను," అని వదిన ఒట్టు పెట్టుకుంది. ఇద్దరూ పల్చటి నూలు బట్టల్లో విమానాశ్రయానికి బయల్దేరారు.

విమానాశ్రయం హాల్లోకి అడుగుపెట్టగానే గడపక్క ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్ళ అలవాటు, ఆ గాలి మొహానికి తగలగానే ఎన్ని డిగ్రీలో చెప్పేస్తుంది.

"పద్దెనిమిది," అంది. "మనుషులుండే చోట ఇంత చలెందుకు?"

"మనం పాడైపోకుండా దాస్తున్నారే," అంది వదిన.

పెట్టెలు తూచి లోపలికి పంపించారు. ఆ తర్వాత పావుగంటకి ఫోనుకి మెసేజి వచ్చింది. అనివార్య కారణాల వల్ల మీ విమానం రద్దయింది, అసౌకర్యానికి చింతిస్తున్నాం, అని.

అప్పటి నుంచి మొదలైంది తిరుగుడు. పద్నాలుగో కౌంటరు ఇరవై రెండుకి వెళ్ళమంది. ఇరవై రెండు కింది అంతస్తుకి పొమ్మంది. కింది అంతస్తు అద్దం వెనక మనిషి లేడు, ఒక ఫోను నంబరు అంటించి ఉంది. ఆ నంబరుకి చేస్తే యాభై రెండు నిమిషాలు సంగీతం వినిపించింది. మధ్య మధ్య ఒక తీయటి గొంతు "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటోంది.

"అంత ముఖ్యమైతే ఎత్తండర్రా!" అని వదిన ఫోనులోకి అరిచింది. ఫోను మళ్ళీ సంగీతం మొదలుపెట్టింది.

చివరికి మెడలో టై కట్టుకున్న అధికారి ఒకాయన దొరికాడు. ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం విమానంలో చోటు ఇస్తామన్నాడు. సాయంత్రానికి దిగుతారు, గడువు దాటదు, ఏం కంగారు లేదు, అన్నాడు. హోటలుకి చీటీ ఇచ్చాడు. హోటలుకి ఫోను చేస్తే, ఆ కంపెనీ చీటీలు మేం తీసుకోవడం మానేశాం అన్నారు.

"మా పెట్టెలైనా ఇప్పించండి బాబూ. తువ్వాళ్ళున్నాయి, ఈవిడ చేతులకి చుట్టాలి."

"పెట్టెలు లోపలికి వెళ్ళిపోయాయి మేడమ్. ఇంక బయటికి రావు."

"పోనీ దుప్పటి?"

"దుప్పట్లు విమానంలోనే ఇస్తాం."

"విమానం మీరు రద్దు చేశారు కదా?"

"అందుకే ఇవ్వలేకపోతున్నాం," అన్నాడు టై ఆయన. హాస్యానికి కాదు, నిజంగానే అన్నాడు. గడపక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట కాస్త పక్కనున్న వదిన చేతులకైనా తగిలితే బాగుండుననిపించింది.

ఆ రాత్రి ఇద్దరూ హాల్లోనే ఇనుప కుర్చీల మీద ఉన్నారు. వేళ్ళు తెల్లబడ్డప్పుడల్లా గడపక్క వదిన చేతులు తీసి తన చంకల్లో పెట్టుకుంది. చలిగదిలో మొదట నేర్పే వైద్యం అదే. రుద్దకూడదు, నీళ్ళు పొయ్యకూడదు, ఒంటి వెచ్చదనం ఇవ్వాలి.

తెల్లవారేసరికి వదిన కాలి వేళ్ళకి స్పర్శ పోయింది. నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంది. గడపక్క చక్రాల కుర్చీ అడిగింది.

"కుర్చీ కావాలంటే నలభై ఎనిమిది గంటల ముందు చెప్పాలి మేడమ్," అంది కౌంటర్లో పిల్ల.

"విమానం ఎగరదని మీరు నాకు నలభై ఎనిమిది గంటల ముందు చెప్పారా?"

ఆ పిల్ల తెర వైపు చూసింది, గడపక్క వైపు చూసింది, ఎవరికో ఫోను చేసింది. గంటన్నరకి కుర్చీ వచ్చింది. దాన్ని తోసేవాడు చేతిలో పలకలాంటి ఫోను పట్టుకుని ఉన్నాడు. తనిఖీలు దాటేదాకా ముగ్గురూ కలిసే వెళ్ళారు. అక్కడ వాడు ఆగాడు.

"మీరు ఇటు నడిచి వెళ్ళండమ్మా. కుర్చీలకి వేరే లిఫ్టు. ఆవిణ్ణి నేను తిన్నగా విమానం దగ్గరికే తెస్తాను."

"నేనూ లిఫ్టులోనే వస్తాను."

"కుదరదమ్మా, రూలు. అయిదు నిమిషాల్లో అక్కడుంటాం."

గడపక్క కదల్లేదు. వదినే చెయ్యి ఊపింది. "పోవే పిల్లా. వీడు నన్ను ఎత్తుకుపోతే వీడికే నష్టం."

గడపక్క వెళ్ళింది. పందొమ్మిదేళ్ళలో ఇంకొకళ్ళ మాట మీద వదినని వదిలి వెళ్ళడం అదే మొదటిసారి.

గేటు దగ్గర వదిన లేదు. అయిదు నిమిషాలు చూసింది, పది చూసింది. వరుస అయిపోవచ్చింది. టికెట్లు చూస్తున్న మనిషిని అడిగింది. ఆవిడ తెర మీద వేలు పెట్టి చూపించింది.

"మీ వదినగారు ఎక్కేశారు మేడమ్. ఇదిగో, ఇక్కడ ఆకుపచ్చ టిక్కు. కుర్చీ వాళ్ళని ముందే ఎక్కించేస్తాం. మీరే ఆఖరు, త్వరగా వెళ్ళండి."

టిక్కు అన్న మాట చాలు గడపక్కకి. విమానం తలుపు దాకా వెళ్ళే గొట్టంలాంటి దారిలో పరుగులాంటి నడక నడిచింది. విమానం తలుపు దగ్గర నిలబడ్డ ఎయిర్ హోస్టెస్‌ని అడిగింది.

"ఏడో వరుసలో పెద్దావిడ ఉందా చూడమ్మా. ఎడమ చేతికి రెండు వేళ్ళుండవు."

ఆ పిల్ల వెళ్ళి చూసి వచ్చింది. "ఏడో వరుసలో రెండు సీట్లూ ఖాళీగా ఉన్నాయి మేడమ్. మీరు కూర్చోండి, వస్తారేమో."

విమానం తలుపు కింద ఒక లోహపు గడప ఉంది, జానెడు వెడల్పు. గడపక్క దాన్ని చూసింది. దాని మీద ఎడమ కాలు వేసింది. కుడి కాలు బయటే ఉంచింది. తలుపు అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆవిడ చేసిందల్లా అంతే.

"మేడమ్, లోపలికి రండి."

"మా వదిన రానీ."

"తలుపు వెయ్యాలి మేడమ్."

"వెయ్యి చూద్దాం."

టై ఆయన వచ్చాడు, చేతిలో వాకీటాకీ గరగరలాడుతోంది. "మళ్ళీ మీరేనా? ఏంటమ్మా ఇది?"

"మనిషి కనపడ్డం లేదు."

"ఎక్కినట్టు సిస్టమ్‌లో చూపిస్తోందమ్మా!"

"చూపిస్తే చూపించనీ. మనిషిని చూపించు."

"సిస్టమ్ తప్పు చెప్పదు."

"మరి ఏడో వరుసలో కూర్చున్నది నీ సిస్టమేనా? పోయి చూడు, ఖాళీ సీటుంది. దాన్ని ఎక్కించావా వేడి దేశానికి?"

లోపలి నుంచి గొంతులు లేచాయి. "ఎక్కితే ఎక్కు, లేకపోతే దిగు!" "మాకు పన్లున్నాయి!" "ఎవరినైనా పిలిచి లాగించండి!" ఒకాయన నడవాలోకి వచ్చి ఫోను ఎత్తి పట్టుకున్నాడు. గడపక్క ఆయన వైపు తిరిగి గట్టిగానే చెప్పింది:

"కనపడకుండా పోయింది మీ అమ్మయితే ఫోను పట్టుకుంటావా, వెతుకుతావా?"

ఊళ్ళో తిరిగిన వీడియోలో ఆవిడ తెరిచిన నోట్లో ఉన్నది ఆ మాట.

"సెక్యూరిటీని పిలుస్తాను," అన్నాడు టై ఆయన.

"పిలువు. వాళ్ళకి కాళ్ళుంటాయిగా? వచ్చేటప్పుడు మా వదినని తోసుకుని రమ్మను."

"మీ వల్ల మూడు వందల మంది ఆగిపోయారు, తెలుసా?"

"నీ కోసం మేం నిన్నటి నుంచి ఆగాం. మా ఇద్దరికీ ఎవరు చెప్పారయ్యా సారీ? ఫోనులో మెసేజి చెప్పింది, నువ్వు చెప్పలేదు."

ఆయన మొహం కందగడ్డ అయింది. కాసేపటికి గొంతు మార్చాడు, పక్కకి వంగి మెల్లగా చెప్పాడు. "చూడండమ్మా, మీరు ఎక్కి వెళ్ళిపోండి. ఆవిణ్ణి రేపటి విమానంలో నేనే దగ్గరుండి పంపిస్తాను. నా మాట నమ్మండి."

"రేపు ఒకటో తారీకు."

"అయితే?"

అయితే ఏమిటో ఆయనకి నిన్ననే రెండు సార్లు చెప్పింది, కాగితం కూడా చూపించింది. మళ్ళీ చెప్పాలనిపించలేదు. ఆవిడ ఎడమ కాలు గడప మీద వణుకుతోంది. అది భయం వణుకు కాదు, రాత్రంతా కుర్చీలో మడిచి ఉంచిన మోకాలి వణుకు. కాలు మార్చుకుంటే ఆ సందులో తలుపు మూసేస్తారేమోనని మార్చుకోలేదు. చంకలు చల్లగా, ఖాళీగా అనిపించాయి. ఇంత మందిలో ఒక్కళ్ళకైనా, ఒక ముసలావిణ్ణి వెతకడానికి కాళ్ళు కదలడం లేదే! అందరికీ ఆవిణ్ణి పక్కకి నెట్టడానికి మాత్రం చేతులు దురద పెడుతున్నాయి.

గొట్టం దారిలో చీపురూ చెత్తసంచీతో నిలబడి ఉన్న మనిషి ఒకావిడ అప్పుడు ముందుకి వచ్చింది. విమానాశ్రయంలో బాత్‌రూములు కడిగే ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి.

"నెత్తికి చేతిరుమాలు కట్టుకున్న పెద్దావిడా?" అంది.

గడపక్క తల గిరుక్కున తిరిగింది. "అవును! చూశావా?"

"సామాన్ల లిఫ్టు పక్కన, కిందంతస్తులో. కుర్చీలో కూర్చుని ఉంది. ఈ గాలి కట్టెయ్యడానికి మీటెక్కడుందమ్మా అని నన్నడిగింది. ఎవరి కోసమో కూర్చుందనుకున్నాను."

"మరి చెప్పవేం?" అని టై ఆయన గద్దించాడు.

"నన్నెవరడిగారు సార్?" అని ఆవిడ చీపురు గోడకి ఆనించి పరుగెత్తింది. ఆ మొత్తం నలభై నిమిషాల్లో ఆ విమానాశ్రయంలో పరుగెత్తిన మనిషి ఆవిడ ఒక్కతే.

కుర్చీ వాడి షిఫ్టు అయిపోయిందట. లిఫ్టు ఎంతకీ రాకపోతే, తర్వాత షిఫ్టు వాడు తీసుకెళ్తాడని వదినని అక్కడే వదిలేశాడు. తన పని పూర్తయినట్టు ఉండాలి కాబట్టి, ఎక్కించినట్టు పలకలో టిక్కు కొట్టి ఇంటికి పోయాడు. వదిన తల మీద గాలి గొట్టం ఉంది. చక్రాలు తిప్పుకుందామంటే వేళ్ళు వంగవు.

చీపురావిడ కుర్చీ తోసుకుంటూ వస్తుంటే ముందు వదిన గొంతు వినిపించింది. "మూడు సార్లు వచ్చిందమ్మా ఆ లిఫ్టు! తలుపు తీసి, నా మొహం చూసి, మళ్ళీ మూసుకుని పోయింది. పెళ్ళిచూపులు కూడా ఇంత అవమానంగా ఉండవు!"

గడపక్క వదిన చేతులు చూసింది. తెలుపు అరచేతుల దాకా దిగింది. రెండు వేళ్ళ చివర్లు తెలుపు కూడా దాటి బూడిద రంగులో ఉన్నాయి. గడపక్క కుడి చెయ్యి చాచి వదిన భుజం మీద వేసింది, గట్టిగా, ఎముక తగిలేదాకా. అప్పుడు గడప మీంచి కాలు తీసింది.

"నీ కాలు నొప్పెట్టలేదటే?" అంది వదిన.

"నోరు ముయ్యి వదినా," అంది గడపక్క. నలభై ఏళ్ళలో ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు. వదిన నోరు మూసుకుంది.

లోపలికి నడుస్తుంటే ఎవరూ కాళ్ళు పక్కకి తియ్యలేదు. ఎవరో "మహారాణులు వేంచేశారు" అన్నారు. ఏడో వరుసలో కూర్చోగానే గడపక్క వదిన చేతులు లాక్కుని చంకల్లో పెట్టుకుంది. ఎయిర్ హోస్టెస్ అడగకుండానే రెండు దుప్పట్లు తెచ్చి కప్పింది. అప్పుడు పైనున్న స్పీకరులో టై ఆయన గొంతు వినిపించింది. ఒక ప్రయాణికురాలి ప్రవర్తన కారణంగా విమానం ఆలస్యమైనందుకు విచారిస్తున్నామని, అందరి ఓర్పుకీ కృతజ్ఞతలని చెప్పింది ఆ గొంతు. మూడు వందల తలలు ఏడో వరుస వైపు తిరిగాయి. ఫోను ఆయన మళ్ళీ ఫోను ఎత్తాడు.

వదినకి కోపమొచ్చింది. "లేచి చెప్పవే! ఏం జరిగిందో చెప్పు!"

గడపక్క వినడం లేదు. నడవాలోకి వంగి ముందు వైపే చూస్తోంది.

"తలుపు ఇంకా వెయ్యలేదు వదినా."

"నీకెందుకే ఇప్పుడు వాళ్ళ తలుపు?"

"ఇందాకటి నుంచి వెయ్యాలి వెయ్యాలి అని నా ప్రాణం తీశారు. నేను కాలు తీసి ఇంతసేపయింది. ఎందుకు వెయ్యడం లేదు?"

రెండు నిమిషాలకి ఆ తలుపులోంచి ఇద్దరు మనుషులు లోపలికి వచ్చారు. టోపీలు పెట్టుకుని ఉన్నారు. చక్రాల పెట్టెలు లాక్కొస్తున్నారు. ఒకాయన చేతిలో కాఫీ కప్పు ఉంది, పొగలు కక్కుతోంది. పరుగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతూ, ట్రాఫిక్కుని తిట్టుకుంటూ, ప్రయాణికుల వైపు చూడకుండా ఎడమకి తిరిగి, ముందున్న చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వాళ్ళ వెనకే ఎయిర్ హోస్టెస్ విమానం తలుపు లాగి బిగించింది.

వదిన దుప్పటి లోంచి మెడ చాచి అదంతా చూసింది. "ఒసేయ్, డ్రైవరు లేని బండినా నువ్వు ఇంతసేపూ ఆపింది?"

గడపక్క మొహంలో రక్తమంతా కళ్ళలోకి వచ్చింది. లేవబోయింది. వదిన చేతులు తన చంకల్లో ఉన్నాయి, లేస్తే చల్లారిపోతాయి. మళ్ళీ కూర్చుంది.

ఆ సాయంత్రం గడువు లోపలే ఇద్దరూ కలిసి దిగారు, పత్రం మీద రెండు ముద్రలూ పడ్డాయి. వదిన వేళ్ళలో ఒకదానికి కొస పోయింది, మిగతావి దక్కాయి. గిడ్డంగి గేటు దగ్గర మాత్రం కథ అదే నడుస్తోంది, పోలీసులు నలుగురి నుంచి ఆరుగురయ్యారు. ఆ రోజు విమానం ఆలస్యంగా లేచిన మాట నిజమే. గడపక్క గడప మీద నిలబడ్డ నలభై నిమిషాలూ దాని పైలట్లు ఊళ్ళో ట్రాఫిక్కులో ఉన్నారు.